రిటైర్ అయ్యాక పొద్దున గాలం, సాయంత్రం మేడ మీద మొక్కలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తణుకు_డాబా (ప్రశ్న)

అందరికీ నమస్కారమండి. జూన్ నెలాఖరుకి రిటైర్మెంట్. ఇల్లు తణుకులో, కాలవ గట్టు నడిచి వెళ్లేంత దూరం. పొద్దున్నే నలుగురు స్నేహితులతో గాలం, సాయంత్రం మేడ మీద కూరగాయలు అనుకుంటున్నాం. రెండింటిలోనూ ఓనమాలు కూడా రావు. అడగాల్సినవి ఇవీ:

1. గాలానికి ఏం కొనాలి? కొట్లోకి వెళ్తే ముళ్ల నంబర్లు, రీళ్లు చూపించి తికమక పెడుతున్నారు.
2. డాబా సుమారు 600 చదరపు అడుగులు, స్లాబు వేసి 20 ఏళ్లు దాటింది. ఇటుకలతో మళ్లు కట్టి మట్టి నింపొచ్చా?
3. ఇంట్లో ఉండేది ఇద్దరమే, సెలవులకి మనవడు వస్తాడు, ఎనిమిదేళ్లు. వాణ్ణి గట్టుకి తీసుకెళ్లొచ్చా?
4. చేపలు ఇంట్లో బాగుచేస్తే ఆ చెత్త మొక్కలకి వేయొచ్చంటున్నారు. మా ఆవిడ మాత్రం వాసన అంటోంది.

లాకుల_దగ్గర

ముందు గాలం సంగతి. మొదటి మూడు నెలలు రీలు జోలికి పోకండి. 10, 12 అడుగుల సన్న వెదురు, కొస వంగేది చాలు. కర్ర ఎంత పొడవో తంగూసు (గాలానికి కట్టే నైలాన్ దారం) అంతే పొడవు, లేదా ఒక అడుగు తక్కువ. 0.28 లేక 0.30 ఎంఎం తంగూసు అడగండి. కాలవలో గాలానికి పడే రెండు కిలోల లోపు చేపకి అది సరిపోతుంది. అంతకంటే లావుది వేస్తే ఎర నీళ్లలో బిర్రుగా నిలబడి చేప అనుమానపడుతుంది.

ముళ్ల నంబరు తిరగేసి లెక్క: నంబరు పెరిగేకొద్దీ ముల్లు చిన్నది. పరిగెలకి 12, తిలాపియా, చిన్న జెల్లలకి 8 లేక 10, శీలావతి, మోసు, బంగారుతీగకి 4 లేక 6. కొట్టువాడు '1/0' అంటే అది 1 కంటే పెద్దది, అక్కణ్ణుంచి నంబరుతో పాటు ముల్లూ పెరుగుతుంది. మొదట 8, 6 నంబర్లు పదేసి తీసుకుంటే చాలు.

ముడి దగ్గరే సగం చేపలు పోతాయి. తంగూసు ముల్లు కంట్లోంచి దూర్చి, అసలు తాడు చుట్టూ ఐదారు చుట్లు తిప్పి, కన్ను పక్కనే ఏర్పడిన చిన్న ఉచ్చులోంచి కొస వెనక్కి తీసి, ఉమ్మితో తడిపి, నెమ్మదిగా బిగించండి. పొడిగా బిగిస్తే రాపిడికి తంగూసు కాలి అక్కడే బలహీనపడుతుంది. చేప లాగినప్పుడు తెగేదీ అక్కడే. బిగించాక గోటితో తడిమి చూడండి, గరుకు తగిలితే కోసేసి మళ్లీ కట్టండి.

నీటి మీద తేలే బెండుకి ప్లాస్టిక్‌ది కొనక్కర్లేదు, జీలుగు బెండు వేలెడంత ముక్క చాలు. సీసపు గుండు ముల్లుకి జానెడు పైన నొక్కాలి. నీళ్లలో వేస్తే బెండు మూడో వంతు పైకి కనిపిస్తూ నిటారుగా నిలబడాలి. పడుకుంటే గుండు నేలకి ఆనిందని అర్థం, బెండుని కిందికి జరపండి. మొత్తం మునిగితే గుండు బరువెక్కువ. సరిగ్గా నిలబడ్డ బెండు ఉన్నట్టుండి పక్కకి ఒరిగిందా, అడుగున మేసే చేప ఎరని పైకి ఎత్తిందన్న మాట. చాలామంది అది చూసి 'గాలికి పడింది' అనుకుని వదిలేస్తారు.

లోతు చేపని బట్టి. బొచ్చె పైపైన, శీలావతి మధ్యలో, మోసు, బంగారుతీగ అడుగున మేస్తాయి. కొత్తవాళ్లు అడుగుకి బెత్తెడు పైన పెట్టుకుంటే ఏదో ఒకటి తగులుతుంది.

ఎర రెండు రకాలు. జెల్లకి వానపాము. శీలావతికి పిండి ముద్ద: దోరగా వేయించిన తవుడు రెండు పాళ్లు, వేరుశనగ చెక్క పొడి ఒక పాలు, జిగురుకి గుప్పెడు మైదా, నీళ్లు చిలకరిస్తూ చపాతీ ముద్దకంటే కొంచెం గట్టిగా కలపండి. ముందు బకెట్లో వేసి చూడండి, ఐదు నిమిషాలైనా ముల్లుని వదలకూడదు. విసరగానే ఊడిపోతే మైదా తక్కువైంది. పావుగంట తర్వాత కూడా రాయిలా ఉంటే ఎక్కువైంది, దాని వాసన నీళ్లలోకి దిగదు. గాలం వేసే ముందు అదే పిండి నిమ్మకాయంత ఉండలు ఐదారు ఒకే చోట వేసి అరగంట ఆగండి. రోజుకో చోట వెయ్యడం కంటే వారంపాటు ఒకే చోట మేత వేస్తే ఫలితం తెలుస్తుంది.

నిండు ప్రవాహంలో ఎర కొట్టుకుపోతుంది. వంతెన స్తంభం వెనక సుడి, తూము మూతి, గుర్రపుడెక్క అంచు చూసుకోండి. లాకుల తలుపుల దగ్గర మాత్రం కూర్చోకండి, నీళ్లు ఎప్పుడు వదులుతారో చెప్పి వదలరు. పైన కరెంటు తీగలుంటే గాలం ఎత్తొద్దు. తర్వాత కార్బన్ కర్ర కొన్నారంటే ఈ మాట ఇంకా గుర్తుపెట్టుకోవాలి, అది కరెంటుని పాకిస్తుంది.

ఊర చెరువైతే పాటదారుణ్ణి అడక్కుండా గాలం వేయకూడదు. వేలంలో డబ్బు కట్టి చేపపిల్లలు వదిలింది ఆయన. ఇక ఎండాకాలం మరమ్మతులకి కాలవ కట్టేశాక గుంటల్లో మిగిలిన చేప సులువుగా దొరుకుతుంది గానీ, అక్కడికి చేరేది ఊరి మురుగు. అది తినకండి.

స్లాబు_లెక్క

రెండో ప్రశ్నకి సూటిగా: ఇటుక మళ్లు కట్టొద్దండి.

జనం ఎక్కి తిరిగే డాబాకి ఐఎస్ 875 (కట్టడాల మీద బరువుల లెక్కకి మన దేశ ప్రమాణం) ప్రకారం లెక్కలో తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 150 కిలోలు. తడిసిన మట్టి ఘనపు మీటరు 1700 కిలోల వరకు తూగుతుంది. అడుగు ఎత్తు మట్టి పోస్తే చదరపు మీటరుకి 500 కిలోల పైమాటే. ఇటుకల బరువు దానికి అదనం. కొబ్బరిపొట్టు కలిపి బరువు తగ్గించినా 300 దగ్గర తేలుతుంది. స్లాబు ఒక్కరోజులో కూలిపోతుందని కాదు, మధ్యలో కిందికి వంగి, కింది వైపు పగుళ్లు వచ్చి, ఆ పగుళ్లలోంచి నీళ్లు దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది.

దాని బదులు 12×12 అంగుళాల గ్రోబ్యాగు (మొక్కలు పెంచే సంచి) పది అంగుళాలు నింపితే 18 లీటర్లు పడుతుంది, తడిశాక సుమారు 20 కిలోలు. చదరపు మీటరుకి నాలుగుకి మించకుండా, గోడల మీదుగా, దూలాలు పోయే వరసలో సర్దండి. గది నడినెత్తి మీద ఖాళీ ఉంచండి. వాటరు ట్యాంకు కాళ్ల పక్కన గుంపుగా పెట్టకండి, అక్కడ ఇప్పటికే బరువుంది.

అసలు ముందు చేయాల్సింది ఇది. నీరు పోయే గొట్టాల మూతులు గుడ్డలతో మూసి, అంగుళం నీళ్లు 24 గంటలు నిలబెట్టండి. అంగుళం నీళ్లంటే చదరపు మీటరుకి 25 కిలోలే, భయం లేదు. కింద గదుల్లో సీలింగు చూడండి: చెమ్మ మరకలు, తుప్పు రంగు గీతలు, పెచ్చులూడటం. తుప్పు గీత కనిపించినా, పెచ్చు ఊడినా ఇంజనీరుకి చూపించకుండా ఒక్క సంచీ కూడా పైకి ఎక్కించొద్దు. ఏమీ లేకపోయినా సంచుల్ని ఇటుకల మీదో స్టాండ్ల మీదో నాలుగంగుళాలు ఎత్తి పెట్టండి, కింద చీపురు ఆడాలి.

పాదు_పందిరి

డాబా గారూ, ఇద్దరికి 30 సంచులు చాలు. 600 అడుగులూ నింపేస్తే రోజుకి రెండు గంటలు నీళ్లకే పోతాయి, గాలానికి టైముండదు.

30 సంచులకి 540 లీటర్ల మిశ్రమం కావాలి. మూడు సమపాళ్లు: తోట మట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు. ఐదు కిలోల పొట్టు దిమ్మ నానితే 60 నుంచి 75 లీటర్లవుతుంది, మూడు దిమ్మలు కొనండి. నానబెట్టిన నీళ్లు రెండు సార్లు పారబోయాలి, లేకపోతే అందులోని ఉప్పుకి నారు ఆకుల అంచులు మాడతాయి. సంచికి 50 గ్రాములు వేపపిండి. పచ్చి ఎరువు వేస్తే కుండీలో వేడి పుట్టి వేళ్లు ఉడుకుతాయి. కొబ్బరి తోటలున్న మన వైపు ఎరువు గుట్టల్లో కొమ్ము పురుగు పిల్లలుంటాయి, బొటనవేలంత లావు, తెల్లగా చుట్టుకుని. ఎరువుని గోనె మీద పరిచి ఏరేయండి, మిగతా పని కాకులు చూసుకుంటాయి.

ఏమేం వేయాలంటే: బెండ 8 (నాలుగు మొక్కలు వేస్తే కూరకి సరిపడా ఒకేసారి రావు), టమాటా 6, వంగ 4, మిరప 4, బీర 2, కాకర 2, ఆనప 1, దొండ 1. మిగిలిన రెండింట్లో కరివేపాకు, పుదీనా. ఆనపకి, దొండకి మాత్రం 15×15 సంచి కావాలి. ఇవి కాక ఆరంగుళాల లోతు ట్రేలు మూడు పెట్టుకుని తోటకూర, పాలకూర, మెంతికూర పదిహేను రోజుల తేడాతో చల్లుకోండి. దొండ విత్తనంతో వేయకండి. దొండలో మగ తీగ, ఆడ తీగ వేరు, విత్తనంలో ఏది వస్తుందో తెలీదు. కాసే తీగ నుంచి పెన్సిల్ లావు కొమ్మ, మూడు నాలుగు కణుపులున్నది తెచ్చి రెండు కణుపులు మట్టిలో పాతండి.

జూన్ నెలాఖరంటే మృగశిర దాటిపోయి ఉంటుంది, బీర, ఆనప, కాకర, బెండకి మంచి అదను. టమాటా నారు ఆగస్టు, సెప్టెంబరులో పోసుకోండి. నడి వానల్లో వేస్తే తెగుళ్లు ఎక్కువ.

తణుకు_డాబా

చాలా సంతోషమండి. ఎదురింటి వాళ్ల డాబా మీద బీర పిందెలు వేలెడంత అవుతూనే పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయి. మందు కొట్టమంటారా?

పాదు_పందిరి

మందుతో పోయేది కాదు, పరాగం అందడం లేదు. మేడ మీదికి తేనెటీగలు అంతగా రావు. మొదటి పది పదిహేను రోజులు పూసేవన్నీ మగపూలే, వాటికి పిందె ఉండదు, రాలతాయి, కంగారు పడక్కర్లేదు. ఆడపువ్వు కింద బుల్లి బీరకాయ ఆకారం ఉంటుంది. మగపువ్వు కోసి, రేకులు తుంచి, లోపలి పసుపు పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకి వస్తుంది.

టైము ముఖ్యం. బీర, ఆనప, పొట్ల సాయంత్రం విచ్చుకుంటాయి, దీపాలు పెట్టే వేళ అద్దాలి. కాకర, దోస, గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటాయి, అవి పొద్దున్నే. బీర పూలని పొద్దున తొమ్మిదింటికి అద్దుకుంటూ కూర్చుంటే లాభం లేదు. అద్దినా కాయ వంకర తిరిగి, చిన్న చుక్క దగ్గర జిగురు కారుతుంటే అది పండు ఈగ. అలాంటి పిందెలు కోసి మూటకట్టి పారేయండి, మొక్క కింద వదిలితే పురుగు మట్టిలోకి దిగి మళ్లీ ఈగై వస్తుంది. తర్వాత వచ్చే పిందెలకి అద్దిన రెండో రోజు నుంచే కాగితం సంచి తొడగండి.

పిండినల్లి, పేనుబంక కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మి.లీ. వేపనూనె, 2 మి.లీ. సబ్బు ద్రావణం. సబ్బుని ముందు నూనెతో కలిపాకే నీళ్లు పోయాలి, లేకపోతే నూనె పైన తేలి ఒక ఆకు మీద ఎక్కువ పడి మాడ్చేస్తుంది. ఎండ తగ్గాకే కొట్టండి.

చెరువుకట్ట

నాలుగో ప్రశ్నకు నేను చెప్త సార్. చేప చెత్త సీదా కుండీల వేస్తే కుళ్లుతది, పిల్లులొస్తయి, కింది అంతస్తు దాకా ఈగలు. భూమి మీద గుంత తీసి అడుగున్నర లోతుల పాతితే నడుస్తది గని మేడ మీద నడవది.

బెల్లంల ఊరబెట్టాలె. తలకాయలు, మొప్పలు, పేగులు, పొలుసు ఒక కిలో, బెల్లం ఒక కిలో. తూకం సరిసమానం ఉండాలె, బెల్లం తగ్గితే ఊరుడు కాదు, కుళ్లుడే. పెద్ద ముక్కలు చిన్నగ కొట్టుర్రి. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోని అడుగున బెల్లం, మీద చేప, మళ్ల బెల్లం, ఇట్ల వరసలు పేర్చి అన్నిటికన్నా పైన బెల్లమే ఉండేటట్టు చూడాలె. చుక్క నీళ్లు పోయొద్దు. డబ్బాల మూడో వంతు ఖాళీ ఉంచాలె, గ్యాసు వస్తది. మూత బిర్రుగ పెట్టొద్దు. గాజు సీస అసలే వద్దు, పగులుతది. నీడకు పెట్టి, వారానికి రెండు సార్లు కట్టెతోని కలపాలె.

మొదటి వారం వాసన గట్టిగనే ఉంటది, అమ్మ అన్నది నిజమే. డబ్బా మెట్ల గది పైన పెట్టుర్రి. 25, 30 రోజులకు వాసన మారి పులిసిన పండు లెక్క వస్తది. అప్పుడు బట్టతోని వడబోయాలె. కలిపినప్పుడు తెల్ల పురుగులు కనిపిస్తే ఈగ దూరిందన్నట్టు, ఇంకో పావు కిలో బెల్లం మీద చల్లి మూతికి పల్చటి బట్ట కట్టుర్రి. ఉప్పు చేప, కూర మిగిలింది వెయ్యొద్దు, ఉప్పు మొక్కకు పడదు.

వాడేటప్పుడు లీటరు నీళ్లకు 5 మి.లీ., పదిహేను రోజులకొకసారి, పొద్దుమూకినంక ఆకుల మీద. మట్టిల పోస్తే లీటరుకు 10 మి.లీ. ఎక్కువైతే ఆకులు ముదురు పచ్చగ, ఏపుగ పెరిగి పూత రాదు. ఆకుకూరకు మంచిదే, బెండకు, టమాటకు పూత మొదలైనంక బంద్ పెట్టుర్రి. కోసే ఆకుకూర మీద వారం ముందే ఆపాలె. మా దిక్కు నల్లబెల్లం ఎక్కువ కొంటే సారా కోసమా అని అడుగుతరు, మామూలు బెల్లంతోని అయితది.

ఇంకో మాట. వంటింటి చెత్త కంపోస్టు పెడితే అండ్ల ఎర్రలు (వానపాములు) పుడతయి, గాలానికి ఎర కొనే పని లేదు. తడి మట్టితోని డబ్బాల వేసుకోని పోవుడే.

లాకుల_దగ్గర

పైన ఒకటి మర్చిపోయాను. వానాకాలం గుర్రపుడెక్క పక్కన నీటి మీద ఎర్రటి చిన్న పిల్లల గుంపు ఒకటిగా కదులుతూ కనిపిస్తే అది కొర్రమేను సంతానం, కిందే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. అక్కడ గాలం వేస్తే వెంటనే కొరుకుతుంది, ఆకలికి కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. ఆ చేపని తీసేస్తే గుంపంతా గంటల్లో మిగతా చేపల పాలవుతుంది. అది వదిలేయండి.

జెల్లని ఉత్త చేత్తో పట్టుకోకండి. వీపు మీద ఒకటి, పక్క రెక్కలకి ఒకటొకటి, మొత్తం మూడు ముళ్లు. తడి గుడ్డతో పట్టి, పటకారుతో గాలం తీయండి. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట ఉంచితే నొప్పి తగ్గుతుంది. వేడి ఎంతుందో రెండో చేత్తో చూసుకోండి, నొప్పిలో ఉన్న చెయ్యి కాలినా తెలీదు. ముల్లు విరిగి లోపల ఉండిపోతే, లేదా గుచ్చింది ఇంగిలాయి (ముళ్లలో విషముండే చేప) అయితే డాక్టరు దగ్గరికే.

గట్టు_జాగ్రత్త

మనవణ్ణి తీసుకెళ్లొచ్చు, కానీ సిమెంటు లైనింగు కట్టిన కాలవకి వద్దు. పడితే ఈత వచ్చినవాడు కూడా ఆ నున్నటి వాలు ఎక్కలేడు. రేవు మెట్ల మీద నాచు అంతకంటే మోసం. మట్టి గట్టు, మోకాలి లోతు ఉన్న పిల్ల కాలవ చూడండి, అక్కడ కూడా లైఫ్ జాకెట్ వేయాల్సిందే. నలుగురు పెద్దవాళ్లున్నారుగా, ఒకరు గాలం పట్టకుండా పిల్లాణ్ణి మాత్రమే చూడాలి. ఖాళీ 20 లీటర్ల క్యానుకి మూత బిగించి 15 మీటర్ల తాడు కట్టి పక్కన పెట్టుకోండి. ఎవరు పడినా అది విసరాలి, దూకకూడదు.

పిల్లాడికి ఆరడుగుల కర్ర, 12 నంబరు ముల్లు, పిండి ముద్ద, పరిగెలు. ముల్లుకి లోపలి వైపు ఉండే చిన్న కొక్కేన్ని పటకారుతో నొక్కి చదును చేసేయండి, వేలికి దిగినా అదే దారిన వెనక్కి వస్తుంది. నెత్తి మీంచి తిప్పి విసరడం నేర్పొద్దు, కింద నుంచి ఊపి వేయాలి. కొక్కెం ఉన్న ముల్లు లోతుగా దిగితే లాగకుండా తంగూసు కోసి ఆసుపత్రికి, టీటీ ఇంజెక్షను సంగతి అక్కడ అడగండి. కంటి దగ్గరైతే ముట్టుకోనే వద్దు.

మీ నలుగురిలో షుగరు ఉన్నవాళ్లుంటే రెండు మాటలు. వట్టి కాళ్లతో బురదలోకి దిగొద్దు, స్పర్శ తగ్గిన కాలికి నత్తగుల్ల కోసినా తెలీదు. మాత్రో ఇన్సులినో వేసుకుని టిఫిను తినకుండా 'ఇంకో పది నిమిషాలు' అని కూర్చుంటే షుగరు పడిపోతుంది. చెమట, వణుకు, చూపు మసక వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి తగ్గకపోతే మళ్లీ అంతే. జేబులో బిస్కట్లు కాదు, పంచదార పొట్లం ఉండాలి, బిస్కటు అరగడానికి టైము పడుతుంది.

తణుకు_డాబా

నిన్న గొట్టాలు మూసి నీళ్లు నిలబెట్టాం. పెచ్చులు, తుప్పు గీతలు లేవు. ఉత్తరం వైపు గది మూల మాత్రం అరచేయంత చెమ్మ వచ్చింది, గొట్టం దిగే చోటుకి దగ్గర. మిగతా వైపు సంచులు మొదలుపెట్టొచ్చా?

స్లాబు_లెక్క

మొదలుపెట్టండి, ఆ మూల నుంచి రెండు మీటర్లు వదిలేసి. చెమ్మ గొట్టం పక్కనే వచ్చిందంటే స్లాబుకీ గొట్టానికీ మధ్య అతుకు వదులై ఉండొచ్చు. గొట్టం చుట్టూ పాత సిమెంటు గీకేసి, వాటర్‌ప్రూఫింగ్ ద్రావణం కలిపిన సిమెంటుతో పూడ్చి, వారం ఆరాక అదే మూల మళ్లీ నీళ్లు నిలబెట్టి చూడండి. అప్పటికీ చెమ్మ వస్తే ఫొటో పెట్టండి.